ఐదు శాతం ఎవరికి?

"ఏ క్రెడిట్ కార్డు మంచిది?" అని నలుగురిని అడిగితే నాలుగు పేర్లు వినబడతాయి. నలుగురూ నిజమే చెబుతుంటారు. వాళ్లలో ఒకరు నెలకు రెండుసార్లు విమానం ఎక్కుతారు. ఒకరు ఉప్పు దగ్గర్నుంచి ఫ్రిజ్ దాకా ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటారు. ఇంకొకరికి ఆఫీసు ముప్పై కిలోమీటర్ల దూరం, రోజూ కారు తీయక తప్పదు. నాలుగో ఆయన జీతమంతా ఇంటద్దెకూ పిల్లల ఫీజులకూ సరి. మొదటి ఆయనకు ఏడాదికి పాతిక వేలు మిగిల్చిన కార్డే నాలుగో ఆయన దగ్గర ఫీజు కట్టించుకుని బీరువాలో పడి ఉంటుంది.

మన దేశంలో వాడుకలో ఉన్న క్రెడిట్ కార్డుల సంఖ్య 2024 తొలి నెలల్లో పది కోట్లు దాటింది. ఒక్కో బ్యాంకు పదీ పదిహేను రకాలు అమ్ముతోంది. కాబట్టి పేర్లు పోల్చుకుంటూ కూర్చుంటే తెమలదు. రివార్డు సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది, ఏయే రూపాల్లో వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నవి తెలిస్తే ఎంపిక దానంతటదే తేలికవుతుంది. ఈ సమీక్ష మొత్తం తిరిగేది ఒక్క లెక్క చుట్టూ: కార్డు మీద ఎంత శాతం రాసి ఉందన్నది చిన్న సంగతి, ఆ శాతం మన ఖర్చులో ఎంత భాగానికి వర్తిస్తుందన్నది పెద్ద సంగతి.

ఈ డబ్బు ఎవరి జేబులోది?

కార్డు అనే వస్తువు మనకు కొత్తదేమీ కాదు. సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా 1980లో తన కార్డును తెచ్చింది. ఆ మరుసటి ఏడాదే, భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు కూడా క్రెడిట్ కార్డు మొదలుపెట్టింది. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన ఆ బ్యాంకును దేశంలో కార్డుల వ్యాపారానికి దారి వేసిన వాటిలో ఒకటిగా ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పట్లో కార్డు అంటే హోదా, అరువు. వాడినందుకు ఎదురు డబ్బులివ్వడం అమెరికాలో 1986లో వచ్చిన డిస్కవర్ కార్డుతో ఊపందుకుంది. మరుసటి ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్ పేరుతో సిటీ బ్యాంకు తెచ్చిన కార్డు విమానయాన మైళ్లను కార్డు ఖర్చుతో ముడివేసింది. ఈనాటి క్యాష్‌బ్యాక్ కార్డులకూ ప్రయాణ కార్డులకూ మూలాలు ఆ రెండే.

మనం కార్డు గీసిన ప్రతిసారీ దుకాణదారు తన బ్యాంకుకు కొంత కోత ఇచ్చుకుంటాడు. దీన్ని ఎండీఆర్ అంటారు. క్రెడిట్ కార్డు మీద ఇది సాధారణంగా రెండు శాతం అటూ ఇటూ ఉంటుంది. అందులో పెద్ద వాటా కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది, ఆ వాటాలోంచే మనకు ఒక శాతమో ఒకటిన్నర శాతమో తిరిగి వస్తుంది. మరి ఐదు శాతం ఎలా ఇస్తారు? ఆ పైది మూడు చోట్ల నుంచి రావాలి. తన సైట్‌కు కొనుగోలుదారు అలవాటు పడాలని కోరుకునే వ్యాపార సంస్థ కొంత భరిస్తుంది. వార్షిక ఫీజులు కొంత పూడుస్తాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, బిల్లు పూర్తిగా కట్టలేక నెలకు మూడున్నర శాతానికి పైగా వడ్డీ మోసేవాళ్లు ఆ బరువు మోస్తారు.

కార్డే వాడనివాళ్ల మీదా కొంత భారం పడుతుంది. అమెరికాలో బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లో వేసిన అంచనా ప్రకారం నగదుతో కొనే సగటు కుటుంబం కార్డులవాళ్ల కోసం ఏడాదికి 149 డాలర్లు పరోక్షంగా చెల్లిస్తోంది, కార్డు వాడే కుటుంబం 1,133 డాలర్లు అందుకుంటోంది. దుకాణదారు కోత భారాన్ని సరుకు ధరలో కలిపి అందరి దగ్గరా వసూలు చేస్తాడు, తిరిగి పొందేది కార్డున్నవాళ్లే. కోతకు ప్రభుత్వాలు కళ్లెం వేసినచోట రివార్డులు కూడా చిక్కిపోయాయి. 2003లో ఆస్ట్రేలియా, 2015లో క్రెడిట్ కార్డులకు 0.3 శాతం పరిమితి పెట్టిన యూరోపియన్ యూనియన్ అందుకు ఉదాహరణలు. అంటే రివార్డు బ్యాంకు పెట్టే దానం కాదు, ఒకరి నుంచి మరొకరికి మళ్లే సొమ్ము. మనం తీసుకునే వైపున ఉన్నామా, ఇచ్చే వైపున ఉన్నామా అన్నది బిల్లు గడువు రోజున తేలుతుంది.

మార్కెట్లో దొరికే రకాలు

పేర్లు ఎన్ని ఉన్నా రకాలు నాలుగే.

మొదటిది నేరుగా క్యాష్‌బ్యాక్ ఇచ్చేది. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు 2022లో వచ్చినప్పుడు ఏ సైట్ అయినా సరే ఆన్‌లైన్‌లో ఐదు శాతం, దుకాణాల్లో ఒక శాతం అంది. ఏడాది ఫీజు 999 రూపాయలు, రెండు లక్షలు ఖర్చు పెడితే మాఫీ. అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి లేదు. వచ్చిన ఏడాదిలోపే నెలకు ఇచ్చే మొత్తంపై పరిమితి బిగించారన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

రెండోది ఒక వ్యాపార సంస్థతో జోడీ కట్టిన కార్డు. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకు వార్షిక ఫీజు లేదు. అమెజాన్‌లో ప్రైమ్ సభ్యులకు ఐదు శాతం, మిగతావారికి మూడు, బయట ఒక శాతం అన్నది దాని ప్రసిద్ధమైన అమరిక. ఫ్లిప్‌కార్ట్‌కు యాక్సిస్ కార్డు, టాటా దుకాణాలకు హెచ్‌డీఎఫ్‌సీ టాటా న్యూ కార్డు ఇదే దారిలో నడుస్తాయి. ఆ సంస్థలో మీరు ఎలాగూ కొంటున్నవారైతే ఇవి బంగారం. కార్డు ఉంది కదా అని అక్కడే కొనడం మొదలుపెడితే, పక్క సైట్‌లో పది శాతం తక్కువకు దొరికే వస్తువు కంటికి ఆనదు.

మూడోది పాయింట్ల కార్డు. హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫినియా, యాక్సిస్ అట్లాస్ వంటివి ప్రయాణాలు చేసేవారిని ఉద్దేశించినవి. వీటిలో ఫలితం మనం ఎంత ఖర్చు పెట్టామన్న దానితో పాటు పాయింట్లను ఎలా వాడామన్న దాని మీదా ఆధారపడుతుంది.

నాలుగోది ఇంధనం కార్డు. ఇక్కడ ప్రకటనలో ఒక మెలిక ఉంటుంది. "పెట్రోలుపై 4.25 శాతం లాభం" అన్నప్పుడు అందులో ఒక శాతం సర్‌చార్జి మాఫీ కూడా కలిసి ఉండవచ్చు. బంకులో కార్డు గీసినందుకు ఒక శాతం వేసి, ఆ ఒక శాతాన్నే తీసేస్తారు. యూపీఐతో కడితే ఆ సర్‌చార్జి మొదటే ఉండదు. కార్డుతో కడితే ఆ సర్‌చార్జిపై పడే జీఎస్టీ తిరిగి రాదు కూడా. కాబట్టి అసలు లాభం మూడుంపావు శాతానికి కాస్త తక్కువే, అదీ ఒకే కంపెనీ బంకుల్లో పోయించుకుంటేనే.

ఎక్కడ ఆగిపోతుంది?

ప్రకటన పెద్దక్షరాల్లో ఉంటుంది, మినహాయింపులు చిన్నక్షరాల్లో ఉంటాయి. చదవాల్సింది ఆ రెండోదాన్నే. ఇంటద్దె, ఇంధనం, వాలెట్‌లో వేసే డబ్బు, ఈఎంఐగా మార్చిన కొనుగోళ్లు, బంగారం, బీమా ప్రీమియం, పన్నులు, ప్రభుత్వ చెల్లింపులు, కరెంటు బిల్లు, స్కూలు ఫీజు: ఈ జాబితాలోంచి కొన్నో, దాదాపు అన్నీనో ప్రతి కార్డూ రివార్డు నుంచి తప్పిస్తుంది. తెలుగింటి పద్దు పుస్తకం తెరిచి చూస్తే పెద్ద అంకెలన్నీ ఇందులోనే ఉంటాయి.

ఇంటద్దె సంగతే చూడండి. కొన్నేళ్ల కిందట యాప్‌ల ద్వారా కార్డుతో అద్దె కట్టి పాయింట్లు పోగు చేయడం నగరాల్లో పెద్ద ఒరవడి. 2022 అక్టోబరులో ఐసీఐసీఐ అద్దె చెల్లింపుపై ఒక శాతం రుసుము పెట్టింది, మిగతా బ్యాంకులు ఒక్కొక్కటే ఆ బాట పట్టాయి. యాప్ తీసుకునే సొంత రుసుము దీనికి అదనం. 2025లో రిజర్వు బ్యాంకు పేమెంట్ అగ్రిగేటర్ల (మధ్యలో ఉండి చెల్లింపులు చేరవేసే సంస్థల) నిబంధనలు బిగించాక కొన్ని యాప్‌లు ఆ సేవనే మానేశాయి.

ఏ ఖర్చు ఏ పద్దులోకి వస్తుందో తేల్చేది మనం కొన్న వస్తువు కాదు, దుకాణానికి కేటాయించిన నాలుగంకెల కోడ్. కిరాణాకు 5411, నగల దుకాణానికి 5944, పాఠశాలకు 8211 ఇలా. సూపర్ మార్కెట్లో ప్రెషర్ కుక్కర్ కొన్నా అది కిరాణా ఖర్చే. వీధి చివర కిరాణా కొట్టును మెషీన్ ఇచ్చినవాళ్లు మరో కోడ్ కింద నమోదు చేసి ఉంటే అక్కడ కొన్న కందిపప్పు కూడా కిరాణా కాకుండా పోతుంది. "రావాల్సిన పాయింట్లు రాలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇక్కడుంది.

దీనికి తోడు నెలవారీ పరిమితి. ఐదు శాతం, నెలకు గరిష్ఠంగా 1,000 రూపాయలు అంటే 20,000 ఖర్చు దాకానే ఆ ఐదు శాతం. నెలకు 40,000 పెట్టినవారికి అది రెండున్నర శాతమైపోతుంది. మరొకటి అంచెల లెక్క. ప్రతి 150 రూపాయలకు పాయింట్లు ఇచ్చే కార్డుతో 149 రూపాయల సామాను కొంటే ఏమీ రాదు, 299కి కొన్నా ఒక్క అంచెకే వస్తుంది. చిన్న చిన్న మొత్తాలు ఎక్కువగా ఖర్చు పెట్టేవారికి ఇది చాటుమాటు కోత.

ఒక ఇంటి లెక్క

హైదరాబాదులో నెలకు 60,000 రూపాయలు ఖర్చు పెట్టే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అద్దె 20,000. స్కూలు ఫీజు నెలకు సర్దితే 8,000. వెచ్చాలు 9,000, అందులో ఆన్‌లైన్‌లో తెప్పించేవి 4,000, మిగతావి కార్డు తీసుకోని కొట్టులో. పాలు, కూరగాయలు, పనిమనిషి జీతం 4,000. కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్, ఫోన్లు 4,000. పెట్రోలు 4,000. ఆన్‌లైన్ కొనుగోళ్లు 5,000. బయటి తిండి 3,000, దానిలో 2,000 యాప్‌లో ఆర్డరు చేసేది. మందులు, డాక్టరు 3,000.

ఆన్‌లైన్‌లో ఐదు శాతం, బయట ఒక శాతం, ఏడాది ఫీజు 999 రూపాయలు ఉన్న కార్డు తీసుకున్నారనుకుందాం. ఐదు శాతం తగిలేది 11,000కు, అంటే 550 రూపాయలు. మందులకూ హోటల్‌కూ పెట్టిన 4,000కు ఒక శాతం చొప్పున 40. నెలకు 590, ఏడాదికి 7,080. ఫీజు జీఎస్టీతో కలిపి 1,179 తీసేస్తే చేతికి మిగిలేది 5,901 రూపాయలు. ఏడాదికి ఆ ఇంటి మొత్తం ఖర్చు 7,20,000. ఐదు శాతం కార్డు ఆ ఇంటికి ఇచ్చింది 0.82 శాతం.

ఈ అంకె చూసి నిరుత్సాహపడక్కర్లేదు. ఎలాగూ పెట్టే ఖర్చు మీద 5,900 మిగిలితే అది మంచి మొత్తమే, పండక్కి ఇంటిల్లిపాదికీ బట్టలొస్తాయి. కానీ కార్డు ఎంచుకోవడానికి వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకునేవారికి ఈ అంకె ఒక కొలబద్ద. ఇదే కుటుంబం ఫీజు లేని ఒకే సైట్ కార్డు తీసుకుని, అక్కడ నెలకు 5,000కు ఐదు శాతం, మిగతా 10,000కు ఒక శాతం పొందితే ఏడాదికి 4,200 వస్తుంది. అన్నిచోట్లా ఒకే రకంగా ఒకటిన్నర శాతం ఇచ్చే ఫీజు లేని కార్డయితే 2,700. మంచి కార్డుకూ మామూలు కార్డుకూ తేడా నెలకు నూట నలభైకీ రెండు వందల డెబ్భైకీ మధ్య ఉంది.

ఇప్పుడు కుటుంబాన్ని తాడేపల్లిగూడేనికి మార్చి చూద్దాం. ఆన్‌లైన్ కొనుగోళ్లు నెలకు 3,000, కార్డు తీసుకునే దుకాణాల్లో 6,000. అదే ఐదు శాతం కార్డు నెలకు 210, ఏడాదికి 2,520 ఇస్తుంది, అందులో దాదాపు సగం ఫీజుకే పోతుంది. ఖర్చు రెండు లక్షలు దాటదు కాబట్టి మాఫీ కూడా లేదు. ఈ ఇంటికి ఫీజు లేని కార్డే సరైనది. కార్డు మారలేదు, ఊరూ ఖర్చు తీరూ మారాయి, తీర్పు తిరగబడింది.

మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, యూపీఐ చరిత్ర ముందేసుకుని ఇలాంటి పట్టిక ఎవరింటికి వాళ్లు వేసుకోవచ్చు. అరగంట పని. ఏ కార్డు ఏజెంటూ మనకోసం చేసి పెట్టని పని.

పాయింటు విలువ ఎంత?

పాయింట్ల కార్డుల దగ్గర చాలామంది బోల్తాపడేది ఒక పాయింటు ఒక రూపాయి అనుకుని. ఎస్‌బీఐ కార్డుల్లో చాలావాటికి నాలుగు పాయింట్లు ఒక రూపాయి. "వంద రూపాయలకు పది పాయింట్లు" అని చదివినప్పుడు పది శాతంలా కనిపించేది నిజానికి రెండున్నర శాతం. కొన్ని కార్డుల్లో పాయింటు 20 పైసలే.

ఒకే కార్డులో ఒకే పాయింటుకు వేరువేరు విలువలూ ఉంటాయి. ఇన్ఫినియా పాయింటును బ్యాంకు సొంత పోర్టల్‌లో విమాన టికెట్టుకో హోటల్‌కో వాడితే రూపాయి, బిల్లులో జమ చేయించుకుంటే 30 పైసలు. ప్రయాణాలు చేయని మనిషి ఖరీదైన కార్డు తీసుకుని పాయింట్లను బిల్లుకు సర్దుకుంటే మామూలు క్యాష్‌బ్యాక్ కార్డుకన్నా తక్కువే చేతికొస్తుంది. కేటలాగ్‌లో మిక్సీ, సూట్‌కేస్ ఎంచుకుంటే వాటి ధర బయటి ధరతో పోల్చి చూడాలి. పాయింట్లు వాడుకున్నందుకు రుసుము, పాయింట్లకు కాలపరిమితి ఉన్నాయేమో చూసుకోవాలి. కార్డు రద్దు చేసే ముందు పాయింట్లు ఖాళీ చేసుకోవడం మరచిపోకూడదు.

పాయింట్ల గురించి లోతుగా తెలిసినవాళ్లు వాటిని విమానయాన సంస్థల మైళ్లుగా మార్చి, లక్షన్నర ఖరీదు చేసే బిజినెస్ క్లాసు టికెట్టును తక్కువలో పట్టేస్తారు. అది నిజమే. అయితే ఆ సీట్లు దొరికే తేదీలకు మన సెలవులు సర్దుకోవాలి, బదిలీ నిష్పత్తులు మారకముందే కదలాలి, బోలెడంత చదవాలి. దాన్ని సరదాగా పెట్టుకున్నవారికి అది లాభసాటి సరదా. సంసారం నడపడానికి మాత్రం అది అవసరమైన విద్య కాదు.

ఫీజు, లాంజ్, మైలురాయి

పది వేల ఫీజు కార్డు అమ్మేటప్పుడు చెప్పే లాభాల చిట్టా పొడుగ్గా ఉంటుంది: హోటల్ సభ్యత్వం, సినిమా టికెట్లు, గోల్ఫ్ ఆటలు, ఎయిర్‌పోర్టు లాంజ్. చిట్టాలో ఒక్కోదాని పక్కన "ఇది లేకపోతే నేను దీన్ని డబ్బిచ్చి కొనేవాణ్ణా?" అని రాసుకుంటే చాలావాటి విలువ సున్నా అవుతుంది. లాంజ్‌లో ఉచిత భోజనం చాలాకాలం అందరినీ ఊరించింది. శంషాబాదులో లాంజ్ ముందు వరసలు పెరిగాక బ్యాంకులూ మేల్కొన్నాయి. 2024 నుంచి కొన్ని బ్యాంకులు కొన్ని కార్డుల మీద ముందటి మూడు నెలల్లో 35,000 లేదా 50,000 ఖర్చు పెడితేనే లాంజ్ అన్నాయి.

మైలురాయి బహుమతులు ఇంకా జాగ్రత్తగా చూడాల్సినవి. "ఏడాదికి నాలుగు లక్షలు దాటితే ఇది, ఎనిమిది లక్షలు దాటితే అది" అన్నప్పుడు, ఎలాగూ ఆ మొత్తం ఖర్చయ్యేవారికి అవి ఉత్తినే వచ్చినట్టు. మూడు లక్షల అరవై వేల దగ్గర ఆగి, మిగతా నలభై వేలకు అవసరం లేని టీవీ కొన్నవారికి అవి టీవీ ఖరీదంత.

మనిషి బలహీనత మీద పరిశోధన కూడా ఉంది. ఎంఐటీలో డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో బాస్కెట్‌బాల్ టికెట్లకు వేలం పెట్టారు. కార్డుతో చెల్లించవచ్చన్నవారు నగదు వాళ్లకన్నా రెట్టింపు దాకా పాడారు. మన ఊహా కుటుంబానికి నెలకు వచ్చేది 590 రూపాయలు. కార్డు చేతిలో ఉందన్న ధైర్యంతో నెలకు 600 ఎక్కువ ఖర్చయితే ఆ లాభం అక్కడికక్కడే ఆవిరి.

కిరాణా కొట్టు క్యూఆర్, యూపీఐ దారి

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు చిల్లర ఖర్చంతా ఫోన్‌లోనే. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించే వీలు 2022లో వచ్చింది. కార్డు మెషీన్ లేని టిఫిన్ సెంటర్లో కూడా క్యూఆర్ స్కాన్ చేసి క్రెడిట్ కార్డు నుంచి కట్టవచ్చు. మెషీన్ పెట్టుకునే స్తోమత లేని కొట్ల దాకా దీనితో రివార్డు వెళ్లగలుగుతోంది.

ఇక్కడా గీతలున్నాయి. వ్యాపార క్యూఆర్‌కే ఇది పనిచేస్తుంది. మనిషి నుంచి మనిషికి పంపే సొమ్ముకు, సొంత నంబరు క్యూఆర్ అంటించుకున్న కూరగాయల బండికి చెల్లదు. చిన్న వ్యాపారులకు రెండు వేల లోపు చెల్లింపుల మీద కోత లేదు కాబట్టి బ్యాంకుకు వచ్చేదీ లేదు. అందుకే యూపీఐ ఖర్చుపై రివార్డు తక్కువ రేటుకో, నెలకు ఇంతే అన్న పరిమితికో కట్టుబడి ఉంటుంది. అయినా దుకాణాల ఖర్చే ఎక్కువున్న ఇంటికి ఒక రూపే కార్డు జేబులో ఉండటం మేలు. కార్డు తీసుకునేటప్పుడు వీసా, మాస్టర్‌కార్డ్, రూపేలలో ఏది కావాలో ఎంచుకునే అవకాశం ఇవ్వాలని పెద్ద బ్యాంకులను 2024లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది కూడా.

పెళ్లి బట్టలు, నగలు, ఎలక్ట్రానిక్స్ కొట్లలో వినిపించే మాట ఇంకోటుంది: "కార్డయితే రెండు శాతం ఎక్కువవుతుందండీ." ఆ మాట విన్నాక ఒక శాతం రివార్డు కోసం కార్డు గీయడంలో అర్థం లేదు. అక్కడ బేరం ఆడి యూపీఐతో కట్టడమే రివార్డు.

సముద్రం దాటినప్పుడు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు ఇక్కడి కార్డే అక్కడా గీస్తారు. చాలా కార్డులు విదేశీ చెల్లింపుపై మూడున్నర శాతం మార్కప్ వేస్తాయి, జీఎస్టీతో 4.13 శాతం. లక్ష రూపాయల ఖర్చుకు 4,130. దాని ముందు ఒకటి రెండు శాతం పాయింట్లు ఏపాటి? మార్కప్ లేని కార్డులు ఇప్పుడు ఉన్నాయి, ఫెడరల్ బ్యాంకుతో కలిసి వచ్చిన స్కేపియా అందులో ఒకటి. విదేశీ ప్రయాణం ఖాయమైతే ఎక్కువ రివార్డు కన్నా తక్కువ మార్కప్ వెతకాలి. అక్కడి మెషీన్ "రూపాయల్లో కడతారా?" అని అడిగితే వద్దని ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోవాలి, లేకపోతే మారకం రేటులో మరో కోత పడుతుంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కార్డులు వేరు, సూత్రం ఒకటే. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్లూ క్యాష్ ప్రిఫర్డ్ సూపర్ మార్కెట్లలో ఏడాదికి ఆరు వేల డాలర్ల దాకా ఆరు శాతం ఇస్తుందని పేరు. కానీ కాస్ట్కో, వాల్‌మార్ట్ వంటివి ఆ లెక్కలోకి రావు, కాస్ట్కో దుకాణంలో అయితే ఆ కార్డే చెల్లదు. బియ్యం బస్తా దగ్గర్నుంచి పాల దాకా కాస్ట్కోలో కొనే ఇంటికి ఆ ఆరు శాతం కాగితం మీది అంకె. అన్నిచోట్లా రెండు శాతం ఇచ్చే ఫీజు లేని వీసా కార్డు అలాంటివారికి ఎక్కువ మిగులుస్తుంది.

మారేవీ, మారనివీ

ఏ రివార్డు పథకమూ శాశ్వతం కాదు. యాక్సిస్ మాగ్నస్ కార్డులో నెలకు లక్ష ఖర్చు పెడితే 25,000 పాయింట్లు వచ్చేవి. ఆ ఒక్క లాభం చూసే కార్డు తీసుకున్నవారు ఎందరో. 2023 సెప్టెంబరు నుంచి అది ఆగిపోయింది. లాభం మరీ ఎక్కువగా కనిపిస్తే దాన్ని వాడుకోవచ్చు, దాని మీద భరోసా పెట్టుకుని ఇంటి బడ్జెట్ మాత్రం వేయకూడదు. పాయింట్లు దాచుకునేకొద్దీ వాటి విలువ పడిపోయే ప్రమాదమే ఎక్కువ. ఏడాదికోసారి, ఫీజు పడే నెలకు ముందు, పట్టిక మళ్లీ చూసుకుంటే చాలు.

మారని సంగతి వడ్డీ. నెలకు 3.75 శాతం అంటే ఏడాదికి 45 శాతం, పైగా 18 శాతం జీఎస్టీ. మన కుటుంబం 15,000 బిల్లు ఒక్క నెల కట్టకుండా వదిలేస్తే వడ్డీ, జీఎస్టీ కలిపి 664 రూపాయలు. నెల రివార్డు 590. ఒక్క నెల జారితే ఆ నెల సంపాదన మొత్తం పోయి ఎదురు పడుతుంది. బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ కొన్న రోజు నుంచే లెక్కేస్తారు కాబట్టి అసలు నష్టం ఇంకా పెద్దది. "మినిమమ్ డ్యూ" కట్టడం వల్ల ఆలస్య రుసుము తప్పుతుందే గాని వడ్డీ తప్పదు. వడ్డీ 30 శాతం మించరాదన్న వినియోగదారుల కమిషన్ పాత తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ఆ వైపు నుంచి రక్షణ కూడా లేదు.

"నో కాస్ట్ ఈఎంఐ" కూడా ఈ కోవదే. వడ్డీని తగ్గింపు రూపంలో సర్దినా, ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మన మీదే పడతాయి, రివార్డూ రాకపోవచ్చు. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది.

వాడకందారుకు అండగా ఉన్న నిబంధనలూ తెలుసుకోవాలి. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం అడగకుండా కార్డు ఇవ్వకూడదు. బాకీ లేని కార్డు రద్దు చేయమంటే ఏడు పనిదినాల్లో చేయాలి, చేయకపోతే రోజుకు 500 రూపాయలు మనకు చెల్లించాలి. గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుము. ఏడాదిలో పది లక్షలు, అంతకు మించిన కార్డు బిల్లులు కడితే ఆ వివరం ఆదాయపు పన్ను శాఖకు చేరుతుంది. పాయింట్ల కోసం ఊరందరి కొనుగోళ్లూ తమ కార్డు మీద వేసుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఎవరికి ఏది?

గత ఏడాదిలో ఒక్కసారైనా బిల్లు పూర్తిగా కట్టలేకపోయినవారికి రివార్డు కార్డు వద్దు. ముందు ఆ బాకీ తీర్చుకోవడమే 45 శాతం రివార్డు. ఆదాయపు రుజువు లేనివారు, ఇప్పుడే ఉద్యోగంలో చేరినవారు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే ఫీజు లేని కార్డుతో మొదలుపెట్టి క్రెడిట్ స్కోరు కట్టుకోవచ్చు.

నెలకు కార్డు మీద పదిహేను వేల లోపు ఖర్చయ్యే ఇంటికి ఫీజు లేని ఒక కార్డు చాలు. ఏ సైట్‌లో ఎక్కువ కొంటారో దాని కార్డు తీసుకుంటే సరి. దుకాణాల ఖర్చే ఎక్కువైతే రూపే కార్డు. పదిహేను నుంచి నలభై వేల మధ్య, అందులో సగానికి పైగా ఆన్‌లైన్‌లో పెట్టేవారికి ఫీజు మాఫీ అయ్యే క్యాష్‌బ్యాక్ కార్డు ఒకటి, తోడుగా ఫీజు లేనిది ఒకటి. అంతకు మించి ఖర్చుండి, ఏడాదికి నాలుగైదు విమాన ప్రయాణాలు సొంత డబ్బుతో చేసేవారికి మాత్రమే పాయింట్ల కార్డు ఫీజు గిట్టుబాటవుతుంది. ఇంధనం కార్డు, రోజూ ఒకే కంపెనీ బంకు దారిలో పడేవారికి. మూడో కార్డు, నాలుగో కార్డు వల్ల కలిసొచ్చేది నెలకు వంద రెండు వందలు. గుర్తుంచుకోవాల్సిన గడువు తేదీలు మాత్రం నాలుగవుతాయి.

ఏది తీసుకున్నా బిల్లు మొత్తానికి ఆటో డెబిట్ పెట్టుకోవడం, లిమిట్‌లో మూడో వంతు దాటకుండా వాడుకోవడం, ఏడాదికోసారి లెక్క చూసుకోవడం అనే మూడు అలవాట్లు ఉండాలి. ఇవి ఉన్నవారికి మామూలు కార్డు కూడా ఏడాదికి మూడు నాలుగు వేలు మిగులుస్తుంది. ఇవి లేనివారి దగ్గర దేశంలోకెల్లా గొప్ప కార్డున్నా, ఆ రివార్డు చేరేది వాళ్ల వడ్డీతో లాభపడే మరొకరికే.